జాకీ ఎత్తే ముందు

తిరుపతి,
జూన్ 18, 2024.

చిరకాల మిత్రుడు సుందరరాజుకు,

మునిరామయ్య రాసేది. ఇక్కడ అందరం క్షేమం, నా ఎడమ చెవి తప్ప. దానిలో సగం ఘాట్ రోడ్డు బస్సుల్లో ముప్పై నాలుగేళ్లు ఇంజను పక్కన కూర్చుని పోయింది. రిటైరయ్యాక ఇంటి ముందు రేకుల షెడ్డులో టైర్ల పని పెట్టుకున్నాను కదా, మిగతా సగాన్ని అక్కడి గాలి మిషను తినేసింది. నువ్వు ఫోను చేసినప్పుడు "ఆఁ, ఆఁ" అంటుంటానే, అందులో ఒక్కటీ వినబడి అన్నది కాదు. నువ్వేమో పోస్టుమాస్టరుగా ముప్పై ఏళ్లు చేసినవాడివి, తపాలా డబ్బా ఖాళీగా కనబడితే ఇంట్లో పొయ్యి వెలగనట్టు దిగులుపడతావు. కాబట్టి మనకు ఉత్తరాలే మేలు.

నిన్న మీ అల్లుడు చక్రధర్ కారు తీసుకుని షెడ్డుకు వచ్చాడు. మామిడిపళ్లు తెచ్చాడు. గుజ్జు ఫ్యాక్టరీలో తీపి కొలవడం తన పని అని చెప్పాడు. తీపి కొలవడానికి మిషను పెట్టాక నాలుక ఇంకెందుకో నాకు అర్థం కాలేదు. పళ్లు మాత్రం బాగున్నాయి.

కారు సెకండ్‌హ్యాండు అయినా టైర్లు మహారాజువి. మొదటి ఓనరు ఎవరో బెంగళూరు కుర్రాడు, పందేలకు పోయేవాడిలా వేయించుకున్నాడు. వెడల్పు జానెడు, పక్క ఎత్తు మూడు వేళ్లు. ఇనుప చక్రానికి నల్ల దారం చుట్టినట్టుంది. అడుగున గీతలు చేప ముల్లులాగా ఉన్నాయి. రబ్బరు గోరు దిగేంత మెత్తన. మలుపులో రోడ్డును ఉడుములాగా పట్టుకుంటుందట. పట్టుకుంటుంది సరే, ఊరికే పట్టుకుంటుందా? పదివేల కిలోమీటర్లకే ముందు రెండూ అరిగిపోతున్నాయని అతని బాధ. మెత్తటివాళ్లు ఎక్కడైనా అంతే, పక్కవాణ్ణి నిలబెట్టి తాము అరిగిపోతారు.

నాకు తెలియని రోగమా ఇది? కొండ మలుపులకు ఒక పక్క టైరే ఎక్కువ అరిగేది. అందుకని డిపోలో ముందు ఎడమది వెనక కుడికి, ముందు కుడిది వెనక ఎడమకు, కత్తెర వేసినట్టు అడ్డంగా మార్చేవాళ్లం. అదే చేశాను. నాలుగు చక్రాలూ నా చేత్తోనే విప్పి, నా చేత్తోనే బిగించాను. వచ్చే వానలకు నిశ్చింత.

మీ అల్లుడు మంచివాడే కానీ ప్రశ్నలు ఎక్కువ. ఒక ప్రశ్నకు నేను చెప్పిన జవాబుకు షెడ్డులో ఉన్న నలుగురు టాక్సీవాళ్లు కడుపు పట్టుకుని నవ్వారు. అది ఉత్తరంలో రాస్తే రుచి పోతుంది, కలిసినప్పుడు చెబుతాను. చెల్లెమ్మ జ్ఞానాంబకు నమస్కారాలు.

నీ
మునిరామయ్య

~

చిత్తూరు,
జూలై 4, 2024.

ప్రియమైన మునిరామయ్యకు,

నీ ఉత్తరం అందింది. కవరు మీద పిన్‌కోడు ఆరంకెలకు ఐదే రాశావు. అయినా వచ్చిందంటే అది మా డిపార్టుమెంటు గొప్ప.

టైర్ల సంగతి చెబుతాను. మా వీధిలో ఆ కారు ఇప్పుడొక వింత. చక్రధర్ పొద్దున్నే పళ్లపుల్లతో టైరు గీతల్లో ఇరుక్కున్న గులకరాళ్లు తీస్తూ కూర్చుంటాడు. మా అమ్మాయి నందిని అంటుంది, "నాయనా, ఈయన నా తల్లో పేను కూడా ఇంత శ్రద్ధగా చూడడు." స్పీడ్ బ్రేకర్ వస్తే కారు ఆపి, దానితో మాట్లాడి, అనుమతి తీసుకుని దాటినంత నిదానం. గుంట కనబడితే చాలు పక్కకు తప్పుకుంటాడు, పక్క గోడ సన్నమట, దెబ్బ తగిలితే బుడిపె లేస్తుందట. జ్ఞానాంబకు మాత్రం నచ్చలేదు. సీటు కింద గులకరాయి ఉన్నా తెలుస్తోందంటుంది. పాత కారులో పరుపు మీద కూర్చున్నట్టుండేది, దీనిలో పీట మీద కూర్చున్నట్టుందట.

ఒక్క అనుమానం. నువ్వు మార్చినప్పటి నుంచి కారు పరుగెత్తేటప్పుడు కింద రొద వస్తోంది. తుమ్మెద పెట్టెలో పడ్డట్టు. ముందు ఇది లేదు. అల్లుణ్ణి అడిగితే ముఖం తిప్పుకుని, "మునిరామయ్య మామనే అడగండి" అన్నాడు. అందుకే నిన్ను అడుగుతున్నాను.

నీ
సుందరరాజు

~

తిరుపతి,
జూలై 11, 2024.

సుందరా,

రొదకు భయపడితే ఎట్లా? చోటు మారిన టైరు కొత్త కోడలులాంటిది. గాజులు చప్పుడు చేస్తాయి, నాలుగు నెలలు పోతే ఇంటి చప్పుడులో కలిసిపోతాయి. నాకు చెప్పావు కాబట్టి సరిపోయింది, ఇంకెవరికైనా చెబితే బేరింగులన్నీ విప్పించేవాడు.

నా చదువు గురించి ఎప్పుడూ ఎగతాళి చేస్తావు కదా. నేను బడికి పోయింది రెండేళ్లు. అక్షరాలు నేర్చుకున్నది బస్సు బోర్డుల మీద. 'తిరుమల'లో తి, 'చిత్తూరు'లో చి, 'శ్రీకాళహస్తి'లో శ్రీ. 'శ్రీ' రాయడం వచ్చిన రోజు డిపోలో అందరికీ టీ ఇప్పించాను. ఇంగ్లీషు బోర్డు ఏ బస్సుకూ లేదు కాబట్టి అది రాలేదు. ఏం నష్టం? రోడ్డు ఇంగ్లీషులో లేదు.

మునిరామయ్య

~

చిత్తూరు,
అక్టోబర్ 17, 2024.

మునిరామయ్యకు,

మొన్న ఆదివారం నువ్వు వడలు చేయించుకుని ఎదురుచూసి ఉంటావు. మా వాళ్లు ఎందుకు రాలేదో ఫోనులో మీ మనవరాలు మహితకు చెప్పాను, నీకు ఆ పిల్ల ఎంత చెప్పిందో తెలియదు. అందుకే రాస్తున్నాను.

చక్రధర్, నందిని, జ్ఞానాంబ ముగ్గురూ మీ ఇంటికి భోజనానికని పదిగంటలకు బయలుదేరారు. వాన పడుతోంది. కాశిపెంట్ల దాటాక మలుపులో రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. కారు ఆ నీళ్లలోకి దిగిందో లేదో చక్రాలు నేలను వదిలేశాయట. పడవలాగా పక్కకు జారి కల్వర్టు గోడకు కొట్టుకుంది. చక్రధర్‌కు, నందినికి ఏమీ కాలేదు. జ్ఞానాంబకు కుడి ముంజేయి విరిగింది. ఆసుపత్రి వద్దంది, పుత్తూరు ఎముకల వైద్యుల దగ్గరికి తీసుకుపోయి కట్టు కట్టించాం.

ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె ఒక్కసారి కూడా ఏడవగా నేను చూడలేదు. కట్టు కట్టేటప్పుడు ఏడ్చింది.

నువ్వు ఘాట్ రోడ్డులో ముప్పై నాలుగేళ్లు ఒక్క గీత పడకుండా తోలినవాడివి. నీ అభిప్రాయం రాయి. వేగమా, ఆ పందెం టైర్లా? నాకు మనసు కుదుటపడటం లేదు.

సుందరరాజు

~

తిరుపతి,
అక్టోబర్ 21, 2024.

మిత్రమా,

నీ ఉత్తరం అందింది. చెల్లెమ్మ ముంజేయి తొందరగా అతకాలని అలిపిరి మెట్ల దగ్గర కర్పూరం వెలిగించి వచ్చాను. మోకాళ్ల నొప్పితో అక్కడిదాకానే పోగలిగాను, ఎక్కలేదు.

నా అభిప్రాయం అడిగావు. దాచడం ఎందుకు? టైరు ఎప్పుడూ తప్పు చేయదు. టైరు ఎద్దులాంటిది, తోలినవైపే పోతుంది. తప్పు ఎప్పుడూ తోలే చేతిదే. వానలో, మలుపులో, నిలువ నీళ్లలో మనిషి కాలు తనంతట తానే బ్రేకు మీదికి పోవాలి. పోలేదంటే ఆ కాలికి ఖరీదైన టైర్ల పొగరు ఎక్కిందని అర్థం. ఈ కాలపు పిల్లలకు గ్రిప్పు ఉంది కదా అని భయం పోతోంది. భయం పోయిన డ్రైవరు చేతికి తాళం ఇవ్వకూడదు. మా డిపోలో ఒకాయన ఉండేవాడు, పేరెందుకులే, వర్షాకాలంలో గొప్పగా తోలి చూపించబోయి బస్సును కాలువలో పండబెట్టాడు. ఆయనకు ఆరు నెలలు స్టీరింగు ఇవ్వలేదు. ఆ ఆరు నెలలే ఆయన్ను మనిషిని చేశాయి. మీ అల్లుడికీ అది మందు.

నిర్మొహమాటంగా రాశాను. స్నేహం అంటే అదే కదా.

మునిరామయ్య

~

చిత్తూరు,
నవంబర్ 3, 2024.

మునిరామయ్యకు,

నీ ఉత్తరం సమయానికి వచ్చింది. పోయిన ఆదివారం జ్ఞానాంబను చూడటానికి చుట్టాలు పదిహేను మంది దాకా వచ్చారు. ఎవరికి తోచింది వాళ్లు అంటున్నారు. నేను నీ ఉత్తరం తీసి అందరి ముందూ పైకి చదివాను. 'భయం పోయిన డ్రైవరు చేతికి తాళం ఇవ్వకూడదు' అన్న చోట చెయ్యి చాచాను. చక్రధర్ లేచి వచ్చి జేబులోంచి తాళం తీసి నా చేతిలో పెట్టాడు. దేవుడి గూటి పక్కన మేకుకు తగిలించాను.

తల వంచుకునే నిలబడ్డాడు. వాదిస్తాడనుకున్నాను, వాదించి ఉంటే నాకు ఇంకా బాగుండేది.

జ్ఞానాంబ నాతో తగాదా పడింది. "యాడి స్పీడు? నేను కునుకు తీస్తాండాను ఎనక సీట్లో. బండి ఎగిరెగిరి పోతాంటే ఎవురైనా నిద్రపోతారా? కండ్లు తెరిచేసరికి గోడ కనబడె." నిద్రపోయినదానివి నీకేం తెలుస్తుందని నోరు మూయించాను.

ఇప్పుడు అతను ఫ్యాక్టరీకి బస్సులో పోతున్నాడు. కారు బంపరు బాగుచేయించి ఇంటి ముందు పెట్టించాను. దాని పక్క నుంచే నడిచిపోతాడు, దానివైపు చూడడు. మొగుణ్ణి వెనకేసుకురావద్దు అన్నందుకు నందిని నాతో అవసరానికి తప్ప మాట్లాడటం లేదు. అయినా నువ్వు చెప్పిన మందు కదా, చేదుగానే ఉంటుంది.

సుందరరాజు

~

తిరుపతి,
నవంబర్ 13, 2024.

సుందరా,

నా ఉత్తరం నీకోసం రాసింది. పదిహేను మందికి రాసింది కాదు. చదివే ముందు ఒక మాట అడగవలసింది. సరే, జరిగిపోయింది.

ఈమధ్య మహిత స్కూటరుకు టైరు కావాలంటే రేణిగుంట రోడ్డులో ఒక షాపుకు పోయాం. పెద్ద షాపు, అద్దాలు, ఏసీ. టైర్లను బట్టల కొట్టులో పట్టుచీరల్లాగా వరసగా నిలబెట్టారు. లోకేశ్వరి అని ఒకామె చూసుకుంటోంది, ముప్పై ఐదేళ్లుంటాయి, వీల్ అలైన్‌మెంటు ఆమే చేస్తుంది. మనిషి చురుకు. అక్కడ చాలాసేపు కూర్చున్నాను. వాళ్ల టీ బాగుంది. అల్లం ఎక్కువ వేస్తారు.

అల్లం అంటే గుర్తొచ్చింది, చెల్లెమ్మకు కట్టు విప్పాక అల్లం నూనెతో మర్దన చేయించు.

ఇంకొకటి. ఆ తాళం అల్లుడికి ఇచ్చెయ్యి. నేను రాసింది కొంచెం ఎక్కువైంది. నాలుగు మాటలు తగ్గించి రాయవలసింది. ఆ ఉత్తరం కూడా చించెయ్యి. అలాంటివి ఇంట్లో ఉంచుకోకూడదు.

షెడ్డు పది రోజులుగా తెరవలేదు. నడుము నొప్పి.

మునిరామయ్య

~

చిత్తూరు,
నవంబర్ 20, 2024.

మునిరామయ్యకు,

ముప్పై ఏళ్లు ఉత్తరాల మధ్య బతికినవాణ్ణి. విప్పకుండానే ఏ కవరులో ఏముందో బరువును బట్టి చెప్పేవాణ్ణి. నీ ఉత్తరం నిండా టీ, అల్లం, ఏసీ. అసలు విషయం లేదు. నువ్వు ఎన్నడూ చేతిలో పని పెట్టుకుని నడుము నొప్పి అన్నవాడివి కావు. ఏమైంది?

ఉత్తరం చించను. చించడం నా వృత్తి కాదు.

తాళం ఇవ్వబోయాను కూడా. అతనే వద్దన్నాడు. కారు అమ్మేస్తాడట. సత్యవేడు నుంచి ఒక రైతు వచ్చి చూసుకున్నాడు, ఈ నెలాఖరుకు తీసుకుపోతానన్నాడు. ఒక్క దగ్గరే బేరం చిక్కుకుంది. టైర్లు నాలుగూ విప్పించి, మళ్లీ సరిగ్గా వేయించి ఇస్తానని చక్రధర్ పట్టు. ఆ రైతు, "టైర్లు బాగనే ఉండాయి కదబ్బా, ఊరికే ఎందుకు విప్పేది?" అంటాడు. "ఇట్లనే తీసుకపోవాక అన్నా, ఇట్ల మాత్రం వద్దు" అంటాడు మావాడు. కారణం అడిగితే చెప్పడు. అమ్మేవాడు అంత బతిమాలుకోవడం నేనెక్కడా చూడలేదు.

నీకేమైనా తెలుసా?

సుందరరాజు

~

తిరుపతి,
నవంబర్ 23, 2024.

సుందరా,

నాకు తెలుసు.

లోకేశ్వరి షాపులో వరసగా నిలబెట్టిన టైర్లలో అచ్చం మీ అల్లుడి కారువిలాంటివి ఉన్నాయి. అదే చేప ముల్లు గీత. పెద్దమనిషిలాగా తట్టి చూసి, "ఇవి నేను కత్తెర మార్పు చేసినానమ్మా" అన్నాను. ఆమె స్కూటరు టైరు పక్కన పెట్టి నావైపు చూసింది. "ఇవా పెద్దాయనా? అడ్డం మార్చినావా? వీటిని అడ్డం మార్చకూడదే" అని టైరు పక్కన వేలు పెట్టింది. బాణం గుర్తు. ఆ బాణం ఎటు చూస్తోందో చక్రం అటే తిరగాలట. అప్పుడు ఆ చేప ముల్లు గీతలు నీళ్లను మధ్యలోంచి పక్కలకు తోసేస్తాయి. ఎడమ చక్రాన్ని కుడికి వేస్తే బాణం వెనక్కి తిరుగుతుంది, నీళ్లు బయటికి పోకుండా టైరు కిందికే చేరతాయి. "ఎండలో ఏమీ తెలీదు పెద్దాయనా, రొద వస్తాది అంతే. వానలో నిలిచిన నీళ్ల మీదికి పోయినాదంటే బండి తేలిపోతాది." ఎడమవైపుదాన్ని ఎడమవైపే ముందూ వెనకా మార్చుకోవాలట. అంతే తేడా.

మహిత నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చింది. నాకు చెవి వినబడదు కదా, ఆ రోజు మాత్రం ప్రతి మాటా వినబడింది.

మీ అల్లుడు వేగంగా పోలేదు. చెల్లెమ్మ నిద్రపోయింది నిజం. టైర్లను తిరగేసింది నేను. జూలైలో నువ్వు రొద అని రాశావు, అదే గుర్తు. నేను కొత్త కోడలి గాజులని రాశాను. ఇంగ్లీషు రానివాణ్ణి, కొత్త రకం టైరు, తెలియక చేశాను. క్షమించు.

~

ఇరవై నాలుగో తేదీ, ఆదివారం.

పైది నిన్న రాసి కవరులో పెట్టి, అంటించి, డబ్బాదాకా పోయి వెనక్కి తెచ్చుకున్నాను. అంటించిన కవరు చించానని నువ్వు తిట్టుకుంటావు. అందులో ఉన్నది సగం నిజం. సగం నిజానికి స్టాంపు అంటించడం ఎందుకు?

బాణానికి ఇంగ్లీషు అక్కర్లేదు. ఎద్దుల బండి తోలేవాడికి కూడా బాణం అర్థమవుతుంది. నేను దాన్ని జూన్‌లోనే చూశాను. నాకు చూపించినవాడు మీ అల్లుడే.

నేను నాలుగో బోల్టు విప్పుతున్నాను. అతను పక్కన గొంతుకూర్చుని, "మామా, ఒక మాట. ఈడ బాణం గుర్తు ఉండాది సూడు. చక్రం ఈ తట్టే తిరగల్లని కదా? అడ్డం మారిస్తే బాణం ఎనక్కి పోతాదే" అన్నాడు. మెల్లగానే అన్నాడు, నాకు మాత్రమే వినబడేట్టు, నా కుడి చెవి పక్కన. నేనే గొంతు పెంచాను. షెడ్డులో నలుగురు టాక్సీవాళ్లు టీ తాగుతున్నారు మరి.

"నీ వయసు ఎంత నాయనా?"

"ముప్పై నాలుగు మామా."

"నా జాకీ వయసు నలభై రెండు. ముందు దానికి దండం పెట్టుకో. ఆమీద నాకు పాఠం సెబుదువు."

వాళ్లు నవ్వారు. ఒకడు, "అల్లుడా, టెంకాయ తెస్తునా?" అన్నాడు. చక్రధర్ కూడా నవ్వాడు. నవ్వుతూనే వంగి, సుందరా, నిజంగా జాకీకి దండం పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత దూరంగా పోయి, పని అయ్యేదాకా రోడ్డువైపు చూస్తూ నిలబడ్డాడు.

కలిసినప్పుడు చెబుతానన్న తమాషా ఇదే.

నేను ఘాట్ రోడ్డులో గీత పడకుండా తోలానని అందరికీ చెబుతావు. అది నా గొప్ప కాదు, మలుపు మలుపుకూ గుర్తు పెట్టి ఉంటుంది, ఎటు తిరగాలో బాణం వేసి ఉంటుంది. ముప్పై నాలుగేళ్లు బాణాలు చూసుకుంటూ బతికినవాణ్ణి. ఒక పిల్లవాడు వేలు పెట్టి చూపించినందుకు మాత్రం చూడలేకపోయాను.

ఆ తర్వాత నా మాటతోనే నువ్వు అతని చేతిలో తాళం లాక్కున్నావు. అప్పుడైనా నేను నీకు రాయవలసింది. లోకేశ్వరి దగ్గర తెలుసుకున్నాక కూడా టీ గురించి రాశాను. కారు వేరేవాడు తీసుకుపోతాడని నువ్వు రాయకపోతే ఇంకా ఎన్నాళ్లు అల్లం గురించి రాసేవాణ్ణో.

ఒక్క పని చెయ్యి. నా పాత ఉత్తరం ఎవరి ముందు చదివావో వాళ్లందరినీ పిలువు. ఇది కూడా పైకి చదువు. దండం పెట్టిన చోటు వదలకుండా.

మునిరామయ్య

~

చిత్తూరు,
డిసెంబర్ 2, 2024.

మునిరామయ్యకు,

చదివాను. పదిహేను మందిలో తొమ్మిది మంది వచ్చారు. తిట్టడానికయితే అందరూ వస్తారు, తిట్టు వెనక్కి తీసుకోవడానికి అంత మంది రారు. నువ్వు చెప్పిన చోటు వదలలేదు. అక్కడికి వచ్చేసరికి నేను కాగితం దించేశాను, నందిని అందుకుని మిగతాది చదివింది.

జ్ఞానాంబ అంది, "నిద్రపోయినదాని మాట ఎవురు ఇంటారు? మేలుకోని ఉండే మీ ఇద్దరు ముసలోళ్లు ఏం సూస్తిరి?"

చక్రధర్‌ను అడిగాను, నీకు తెలుసా అని. తెలుసన్నాడు. గోడకు కొట్టుకున్న రోజే, కల్వర్టు పక్కన వానలో నిలబడి చూసుకున్నాడట, బాణాలు నాలుగూ వెనక్కి ఉన్నాయని.

"మరి ఎందుకు చెప్పలేదు నాయనా? నేను అంత మందిలో అన్ని మాటలంటుంటే?"

అతను చెప్పింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, నీకు తెలియాలి. "ఏమని సెప్పేది మామా? బాణం నాకు జూన్‌లోనే తెలుసు. ఇంటికొచ్చి తెల్లారి యాడన్నా విప్పించుకోని మళ్లీ వేయించుకోవచ్చు. అరగంట పని. నలుగురూ నవ్వినారని నాకు సిగ్గైంది. మళ్లీ ఇంకో షెడ్డుకు పోయి, ఆయన తప్పు జేసినాడని సెప్పాలన్నా సిగ్గే. రేపు మాపు అని నాలుగు నెలలు ఆ టైర్ల మీదనే తిరిగినా. ఆ టైర్ల మీదనే అత్తమ్మను ఎక్కించుకున్నా. తెలియక తోలుంటే మీ మాటకు జవాబు సెప్పేవాణ్ణి. తెలిసి తోలినా కదా, అందుకే తాళం ఇచ్చేసినా."

అప్పుడు నాకు నా సంగతి తెలిసింది. రొద ఏమిటని అడిగినప్పుడు ముఖం తిప్పుకున్నాడని జూలైలో నీకు రాసింది నేనే. ఎందుకు తిప్పుకున్నావు నాయనా అని ఒక్క మాట అడగలేదు. ఇంట్లో పెరట్లోకి వచ్చి అడిగి ఉంటే చెప్పేవాడు. నేను అతన్ని అడిగినవన్నీ పదిహేను మంది ముందే.

తాళం తీసి ఇవ్వడానికి మేకు దగ్గరికి పోయాను కానీ లాక్కున్న చేత్తోనే ఇవ్వబుద్ధి కాలేదు. జ్ఞానాంబ లేచి, మొన్ననే కట్టు విప్పిన చేత్తో తీసి అతని చేతిలో పెట్టింది. ఆ చెయ్యి ఇంకా సన్నగా, తెల్లగా ఉంది. అతను ఆ చెయ్యి పట్టుకుని కాసేపు వదల్లేదు.

కారు అమ్మడం లేదు. సత్యవేడు రైతు తిట్టుకుంటూ పోయాడు.

వచ్చే ఆదివారం నీ దగ్గరికి వస్తున్నాం. ఇక్కడే విప్పించుకోవచ్చు కదా అన్నాను. "మామ చేత్తో వేసినవి, మామ చేత్తోనే పోవల్ల" అన్నాడు. వాన ఉంటే బయలుదేరం. ఎండగా ఉంటే చక్రధర్ తోలతాడు, పక్కన నేను, వెనక నందిని, జ్ఞానాంబ. నిద్రపోతానని ఇప్పుడే చెబుతోంది.

ఇంకొకటి రాయమన్నాడు, రాయాలో వద్దో తెలియక రాస్తున్నాను. నాలుగు బాణాల మీదా సున్నం పూసి పెట్టాడట. మామ కళ్లజోడు మరిచిపోయినా కనబడాలని.

సుందరరాజు

~

తిరుపతి,
డిసెంబర్ 5, 2024.

సుందరా,

కార్డు కాబట్టి క్లుప్తంగా. రండి. పదకొండుకల్లా షెడ్డు తెరిచి ఉంటుంది, నడుము బాగుంది. సున్నం సంగతి చదివి మహిత నవ్వింది. నాకు నవ్వు రాలేదు కానీ, సున్నం పూయడం మంచిదే.

ఆ రోజు టీ తాగుతూ నవ్విన నలుగురికీ కబురు పెట్టాను. ఎందుకని అడిగారు, రమ్మన్నాను అంతే. ముగ్గురు వస్తామన్నారు. నాలుగోవాడు, ఆ టెంకాయ అన్నవాడు, ఆదివారం కొండకు కిరాయి ఉంది, దిగేసరికి మూడవుతుందన్నాడు. చెల్లెమ్మకు ఆకలి కాకుండా వడలు ముందే పెట్టిస్తాను. వాడు వచ్చేదాకా జాకీ ఎత్తేది లేదు.

మునిరామయ్య